మెట్టె పట్టిన కలం

ఆ శుక్రవారం పొద్దున ఆదికేశవన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కలాన్ని యంత్రానికి తగిలించాలి. యంత్రం చేత ఒక బొమ్మ గీయించాలి. పన్నెండు గంటలు కొట్టేలోగా ఆ బొమ్మను తీసుకెళ్లి బెలాంజే దొర బల్ల మీద పెట్టాలి. అంతే. ఆ రోజు చచ్చిపోవాలని అతను ఎంతమాత్రం అనుకోలేదు.

బెలాంజే దొరది నీలిగుడ్డ వ్యాపారం. ఆయన పేరులో బెల్లం ఉంది గాని నోట్లో ఉండదు. ఆయన గిడ్డంగి నుంచి మూటలు ఓడెక్కి ఆఫ్రికా పోతాయి. ప్రతి మూటకూ ఒక బొమ్మ చీటీ అంటిస్తారు. అక్కడి కొనుగోలుదార్లు గుడ్డను చూడరు, చీటీని చూస్తారు. రెండేళ్లుగా ఎవరో ఆ చీటీని అచ్చుగుద్దినట్టు తయారుచేసి, అంటే నిజంగానే అచ్చుగుద్దించి, నాసిరకం గుడ్డకు అంటించి అమ్ముకుంటున్నారు. దొరకు మండింది. ఎవరూ నకలు తీయలేని బొమ్మ తెచ్చినవాడికి చీటీల గదిలో కుర్చీ అన్నాడు. ఆ గదిలో గుమాస్తాలు ఇద్దరు. కుర్చీ ఒక్కటే. కుర్చీ దక్కనివాడు నీలితొట్ల పక్క కొట్టంలోకి పోయి మూటలు ఎంచాలి. ఇరవై ఏళ్లు తెల్లచొక్కాతో బతికిన ఆదికేశవన్ మిగిలిన జన్మంతా నీలంగా బతకాలి.

రెండో గుమాస్తా విజయరంగన్. అతని చేతిరాత ముత్యాల కోవ. ఆదికేశవన్‌ది ఎండ్రకాయ నడక. ఒకసారి పెట్టిన సంతకం ఇంకోసారి పెట్టమంటే ఆదికేశవన్ చేతికే ఆశ్చర్యమేసేది. తలరాత ఎలా ఉన్నా ఎవరికీ కనపడదు గనక నడిచిపోతుంది. చేతిరాత అలా కాదు, పైకి కనపడి చస్తుంది.

దిగులుగా ఒకనాడు వేరుసెనక్కాయల పొట్లం విప్పాడు. కాయలు పుచ్చిపోయాయి గాని కాగితం పనికొచ్చింది. అది ఏదో ఫ్రెంచి పత్రికలోని పుట. అందులో ఇంట్లోనే చేసుకోదగ్గ గీతల యంత్రం బొమ్మ ఉంది. బల్లకు రెండు పక్కలా రెండు కర్రలు, వాటి కింద రెండు బరువులు. ఒక కర్ర ఊగుతూ కాగితాన్ని ఊపుతుంది. ఇంకో కర్ర ఊగుతూ కలాన్ని ఊపుతుంది. రెండు ఊపులూ కలిసి కాగితం మీద అల్లే అల్లికను ఏ మనిషి చెయ్యీ అల్లలేదు. చేతిరాత లేనివాడికి చెయ్యే అక్కర్లేని యంత్రం. ఆదికేశవన్ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. అందులో అన్నీ స్పష్టంగా ఉన్నాయి, కలాన్ని కర్రకు ఎలా పట్టించాలి అన్న ఒక్క చోటు తప్ప. అక్కడ నూనె మరక.

ఒంట్లో బాగాలేదని రాసి పంపి పది రోజులు సెలవు తీసుకున్నాడు. వీధి తలుపు మూసుకున్నాడు. సంగతి విజయరంగన్ చెవిన పడకూడదని, ఎవరితోనూ ఒక్క మాట కూడా అనకూడదని భార్య అంబుజం చేత ఒట్టు వేయించుకున్నాడు. బరువులకని ఇంట్లో రుబ్బురోలు పొత్రం ఒక కర్రకు కట్టాడు. రెండో కర్రకు పక్కింటి సౌభాగ్యం పొత్రం. ఒక్క పూటకని అంబుజం అడిగి తెచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో గాని పక్కింట్లో గాని పిండి రుబ్బినవాళ్లు లేరు.

ఇక మిగిలింది కలం పట్టు. కలం పట్టుకోవడమంటే తేలికేనని పట్టుకోనివాళ్లు అనుకుంటారు. మొదట కలమే వద్దనుకొని, చిల్లుపడ్డ కొబ్బరిచిప్పలో ముగ్గుపిండి పోసి వేలాడదీశాడు. నేల మీద అద్భుతమైన పువ్వు పడింది. బియ్యప్పిండి గనక చీమలు దాన్ని రేకు రేకునా వలుచుకుపోయాయి. డబ్బా ఖాళీ అయింది. అంబుజం వాకిట్లో ముగ్గు మానేసింది. తర్వాత వెదురుబద్ద చీల్చి కలాన్ని దాని మధ్య ఇరికించి దారం చుట్టాడు. కలం జారి కాగితాన్ని పొడిచింది. అడకత్తెరతో పట్టించాడు. అది కలం పుల్లను వక్క అనుకొని రెండు చేసింది. మైనంతో అంటించాడు. పాండిచ్చేరి ఎండకు మైనం కలాన్ని వదిలేసి తన దారిన తాను కిందికి పోయింది. ఎప్పుడో దొర బంగళా నౌకరిచ్చిన సారాయి బుడ్డి బిరడా వెతికి తీసి దానికి కంత చేశాడు. బిరడా కలాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే కాగితం మీదికి దిగనివ్వలేదు. ఆఖరికి లేత వంకాయను అడ్డంగా పొడిచి అందులో దించాడు. రెండు గంటలపాటు బ్రహ్మాండంగా గీసింది. మూడో గంటకు వంకాయ వాడి కలం తల వాల్చింది. ఆ వంకాయను అంబుజం పారెయ్యలేక పులుసులో వేసింది. రెండు రోజులు ఇద్దరి నాలుకలూ దొరగారి గుడ్డలాగా నీలంగా తిరిగాయి.

అప్పటికి ఆదికేశవన్‌కు జ్ఞానోదయమైంది. కలానికి పట్టు ఉండాలి, పట్టుదల ఉండకూడదు. గట్టిగా పట్టుకుంటే కాగితం చిరుగుతుంది. వదిలేస్తే గీత చెరుగుతుంది. పట్టీ పట్టనట్టు పట్టుకునే వస్తువేదో ఇంట్లోనే ఉండి ఉండాలి. ఈలోగా దొరకు నీలిగుడ్డ మీద ఎర్రబొమ్మే ఇష్టమని గుర్తొచ్చింది. ఎర్రసిరా కోసం అంగడికి పోతే విజయరంగన్‌కు తెలుస్తుంది. అంబుజం కుంకుమ భరిణె బోర్లించి, నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, తుమ్మబంక కలిపి సిరా చేసేశాడు. భరిణె అడుగున చిటికెడు కూడా మిగల్లేదు.

అలా తెల్లారిన శుక్రవారమది. అంబుజం తలంటుకొని, జుట్టు విరబోసుకొని కాఫీ తెచ్చిపెట్టింది. మొగుడు కాఫీని చూడలేదు.

"కాలు చూపించు" అన్నాడు.

"ఏంది?"

"కాలు. కదలకుండా అట్లే ఉండు."

వంగి చూశాడు. వెండి మెట్టె. చుట్టు పూర్తిగా కలవదు. రెండు కొసల మధ్య సందు. కావాలంటే విచ్చుకుంటుంది, వదిలితే ముడుచుకుంటుంది. పదేళ్లుగా పట్టీ పట్టనట్టు పట్టుకొని ఉంది.

"మెట్టె ఇయ్యి."

"నువ్వు బతికుండంగా నేను మెట్టె తియ్యాలనా?"

"బతికేదానికే అడిగేది. మధ్యాన్నం దాంక ఇయ్యి. కుర్చీ వచ్చినాక కొత్తవి చేయిస్తా."

అంబుజం తీసి ఇచ్చింది. మొదటి మెట్టెను ఆత్రంగా విప్పదీస్తే టప్పున విరిగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు ఆరకముందే రెండోది అడిగాడు. రెండోది కర్ర కొసకు కట్టాడు. కలం అందులో కూచున్న తీరు చూస్తే ఆ కలం ఆ మెట్టె కోసమే పుట్టినట్టుంది. మందపాటి మంచి కాగితం ఒక్కటే మిగిలింది. నేల అదిరితే గీత అదురుతుంది, కాబట్టి ఇంట్లో అడుగుల చప్పుడు గాని, గొంతు చప్పుడు గాని ఉండకూడదని అంబుజానికి ఆజ్ఞ ఇచ్చి గది తలుపు వేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సౌభాగ్యం తన పొత్రం కోసం వచ్చింది. ఒక్క పూట పది రోజులైతే ఎవరైనా వస్తారు. వాకిట్లో ముగ్గు లేదు. ఒక్క నాడు కాదు, కొన్నాళ్లుగా లేదని ఆమె గమనిస్తూనే ఉంది. లోపల రుబ్బుడు చప్పుడూ లేదు. మెల్లగా తట్టింది. తలుపు జానెడు తెరుచుకుంది. అంబుజం. విరబోసుకున్న తడిజుట్టు, ఎర్రబడ్డ కళ్లు, మెడ చుట్టూ కప్పుకున్న పైట. శుక్రవారం పూట నుదుట బొట్టు లేదు. సౌభాగ్యం చూపు కాళ్ల మీదికి దిగింది. రెండు కాళ్లూ బోసిగా ఉన్నాయి. అంబుజం పెదవుల మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపి, చప్పుడు కాకుండా తలుపు మూసేసింది.

సౌభాగ్యం మెట్ల మీదే కూలబడి లెక్క వేసుకుంది. మెట్టెలు తీసేది పదోనాడు. తను ఆదికేశవన్‌ను ఆఖరుసారి చూసింది పది రోజుల కిందట, ఒంట్లో బాగాలేదని గిడ్డంగికి చీటీ పంపుతున్నప్పుడు. లెక్క తప్పి ఉంటే ఏ గొడవా లేకపోను. సరిపోవడంతోనే ముప్పు వచ్చింది.

ఆమె తిన్నగా పక్కవీధిలోని అంబుజం తమ్ముడు పట్టాభిరామన్ ఇంటికి పోయింది.

"పట్టాభీ, కూచో నాయనా. నీ అక్క మెట్టెలు తీసేసింది."

"యాడ పెట్టింది?"

"పెట్టేది కాదప్పా. తీసేసింది. బొట్టు కూడా లేదు. పదో దినం అయిపోయినట్టుండాది."

పట్టాభిరామన్ అప్పుడు కూచున్నాడు. బావ పోయాడన్న దుఃఖం ఒక పక్క. దాన్ని మించిన మంట ఇంకో పక్క. "నాకు చెప్పకుండానా?" అన్నాడు. "అయితే పదో దినం పుట్టింటి కోక ఎవురు పెట్టినారు? తమ్ముడు నేనొకణ్ణి ఉండాను గదా."

ఎందుకు దాచారో అతనికి అంతుపట్టలేదు. కాని దాచినందుకు రాబోయే చిక్కు మాత్రం వెంటనే తెలిసింది. పట్టాభిరామన్‌కు ఫ్రెంచి లిపిలో సంతకం వచ్చు. అందుకని వీధిలో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా సాక్షిగా కచ్చేరికి అతన్నే తీసుకుపోతారు. చావును వెంటనే రాయించకపోతే కేసు అవుతుందని అతనికి కంఠతా వచ్చు. ముందు అక్కను చూసి వద్దామని సౌభాగ్యం అంది. అతను తల ఊపలేదు. చావింటి గడప తొక్కితే తానం చెయ్యాలి. తడిగుడ్డలతో కచ్చేరిలోకి రానివ్వరు. గుడ్డలు ఆరేలోగా కచ్చేరి మూస్తారు. కాబట్టి శాస్త్రప్రకారం ముందు కచ్చేరి, తర్వాత ఏడుపు. ఆ శాస్త్రాన్ని తప్పుపట్టే ధైర్యం సౌభాగ్యానికి లేకపోయింది.

సాక్షులు ఇద్దరు కావాలి. కచ్చేరి మలుపులో విజయరంగన్ ఎదురయ్యాడు. చేతిలో దొర కోసం గీసిన నెమలి బొమ్మ, మొహంలో విప్పిన నెమలి పురి. వార్త వినగానే కావలసినంత విచారించాడు. తర్వాత తనే ముందు నడిచాడు. పది రోజుల కిందటి చావంటే కేసు గనక, ఈ పొద్దున ఆరు గంటలకు పోయినట్టు పట్టాభిరామన్ చెప్పాడు. తాను కళ్లారా చూశానని విజయరంగన్ చెప్పాడు. అతను పెట్టిన సంతకం అతని నెమలి కన్నా అందంగా వచ్చింది.

సాక్షుల సంతకాలతో నకలు కాగితం చెరొకటి చేతికొచ్చాక పట్టాభిరామన్‌కు ఇంకో సంగతి తట్టింది. రిజిస్టరు ప్రకారం బావ పోయింది ఈ రోజు. ఈ రోజు పోయినవాడి ఇంటి ముందు ఈ రోజే తప్పెట్లు మోగాలి. మోగకపోతే కచ్చేరివాళ్లకు అనుమానం వస్తుంది. నలుగురు తప్పెటవాళ్లను పిలిచాడు. వెదురు, కొబ్బరాకులు పురమాయించాడు. పుట్టింటి కోక కొన్నాడు. విజయరంగన్ దొరకు కబురు చెప్పడానికి గిడ్డంగి వైపు పరిగెత్తాడు. దుఃఖంలో మనిషి అంత వేగంగా పరిగెత్తగలడని ఆ వీధి అంతకు ముందెరగదు.

లోపల గదిలో రెండు పొత్రాలూ ఊగుతున్నాయి. మెట్టెలో కలం గుడ్డ మీద సూది నడిచినట్టు నడుస్తోంది. గీత పక్కన గీత, గీత లోపల గీత, పిట్టగూడులాగా ఎర్రటి అల్లిక పేరుకుంటోంది. ఆదికేశవన్ ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతున్నాడు. సగం అయింది. ముప్పాతిక అయింది. అప్పుడు వీధిలో తప్పెట మోగింది.

మొదటి దెబ్బకు నేల అదిరింది. నేలతో బల్ల, బల్లతో కర్ర, కర్రతో కలం. నున్నటి గీత మీద ఒక చిన్న కొక్కెం లేచింది. రెండో దెబ్బకు రెండో కొక్కెం. ఆదికేశవన్ కళ్లముందే తెల్లచొక్కా నీలంగా మారసాగింది. ఊగుతున్న యంత్రాన్ని ఆపితే బొమ్మ పోతుంది, ఆపకపోతే బొమ్మ పాడవుతుంది. అతను బల్ల కాళ్లను కౌగిలించుకొని కూర్చున్నాడు.

బయట అంబుజం తలుపు తెరిచేసరికి వీధి నిండా జనం. పెదవుల మీద వేలు పెట్టింది. పాపం, నోట మాట రావడం లేదనుకొని ఆడవాళ్లు ఇంకాస్త ఏడ్చారు. తమ్ముడు ముందుకొచ్చి కోక భుజం మీద కప్పాడు.

"ఏందిరా ఇది?"

"పుట్టింటి కోక అక్కా. ఆలస్యమైంది. మనసులో పెట్టుకోవద్దు."

ఏ శుక్రవారమూ కోక తేని తమ్ముడు ఈ శుక్రవారం తెచ్చాడని అంబుజం క్షణంసేపు మురిసింది. తర్వాత వెదురు కనపడింది, కొబ్బరాకులు కనపడ్డాయి. ఆమె నోరు తెరిచేలోగా వెనక గది తలుపు ధడాలున తెరుచుకుంది. మోచేతుల దాకా ఎర్రగా, చేతిలో కాగితంతో ఆదికేశవన్ గడపలో నిలబడ్డాడు. తప్పెట్లు ఎవరూ చెప్పకుండానే ఆగిపోయాయి.

"ఎవురు సచ్చినారని ఈ తప్పెట్లు?"

పట్టాభిరామన్ ఒక్కడే కొంచెం దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"నువ్వే బావా. పొద్దున ఆరు గంటలకి. సంతకం కూడా పెట్టేసినాను. లోపలికి పో, ఎవురన్నా చూస్తారు."

ఆదికేశవన్ లోపలికి పోలేదు. తిన్నె మీద కూలబడి, చేతిలోని కాగితం చూపించి, నిజంగా సచ్చింది ఇది అన్నాడు. ముగ్గు ఏమైందో, కుంకుమ ఏమైందో, మెట్టెలు ఏమయ్యాయో అంబుజం అప్పుడు ఏకరువు పెట్టింది. సౌభాగ్యం అంతా విని, అయితే నా పొత్రం లోపలే ఉండాదా అని మాత్రం అడిగింది.

అంతలో దొరగారి పుస్‌పుస్ బండి వచ్చి ఆగింది. వెనకనుంచి తోసేవాళ్లు రొప్పుతున్నారు. దొర ఒళ్లో పూలచక్రం. పక్కనే నడిచొచ్చిన విజయరంగన్ చంకలో నెమలి. దొర టోపీ తీసి, తల వంచి, తల ఎత్తేసరికి ఎదురుగా శవం నిలబడి సలాం చేసింది.

దొర సలామును చూడలేదు, సలాము చేస్తున్న చేతిలోని కాగితాన్ని చూశాడు. గొలుసు గడియారం తీశాడు. పన్నెండుకు అయిదు నిమిషాలుంది. కాగితం అందుకొని ఎండకేసి పట్టుకున్నాడు. లోపలినుంచి బయటికి వందల ఎర్రగీతలు, ప్రతి గీత మీదా తప్పెట దెబ్బకొకటి చొప్పున సన్నటి కొక్కేలు. ముళ్లకంచె కట్టిన తామరపువ్వులాగా ఉంది. ఆయన విజయరంగన్ చేతికి కలం ఇచ్చి, దీనికి నకలు గీయమన్నాడు. గిడ్డంగిలోకెల్లా మంచి చేతిరాత తిన్నె మీద కూర్చుని చెమటలు కక్కింది. పది గీతలకు నెమలి ఈకలన్నీ రాలిపోయాయి. తర్వాత దొర ఆదికేశవన్‌ను ఇంకొకటి గీయగలవా అని అడిగాడు. ఇంకోసారి చచ్చినా గీయలేనని అతను నిజం చెప్పాడు. చేసినవాడే నకలు తీయలేని బొమ్మ. దొరకు కావలసింది అదే.

కుర్చీ నీదేనని దొర అనబోతుంటే విజయరంగన్ వినయంగా అడ్డొచ్చి, చట్టం సంగతి మనవి చేశాడు. కచ్చేరి రిజిస్టరులో ఈయన చనిపోయాడు. చనిపోయినవాణ్ణి కుర్చీలో ఎలా కూర్చోబెడతారు. ఇదిగో నకలు. దొర కాగితాన్ని గౌరవించే మనిషి. చదివాడు. తల పంకించాడు. నిజమే, కుదరదు అన్నాడు. ఆదికేశవన్ మొహం మైనంలాగా జారింది. విజయరంగన్ మొహంలో నెమలి మళ్లీ పురి విప్పింది.

దొర కాగితాన్ని మడవబోయి ఆగాడు. కింద సంతకం చూసి, ఇది ఎవరిదని అడిగాడు. ముత్యాలకోవ లాంటి సంతకం. గిడ్డంగిలో ఆ చెయ్యి ఎవరిదో ఆయనకు తెలియక కాదు. ఆరు గంటలకు కళ్లారా చూశానని ఉంది గదా, ఏం చూశావని అడిగాడు. విజయరంగన్ చూపు పట్టాభిరామన్ వైపు, పట్టాభిరామన్ చూపు కొబ్బరాకుల వైపు తిరిగాయి. లేనిదాన్ని చూసేవాడు చీటీల గదికి పనికిరాడనీ, ఉన్న మూటలను ఎంచడం నేర్చుకోమనీ చెప్పి దొర బండెక్కాడు. పూలచక్రం వెనక్కి తీసుకుపోవడం బాగుండదని తిన్నె మీదే వదిలేశాడు.

ఆదికేశవన్‌ను బతికించడానికి కోర్టుకు ఎనిమిది నెలలు పట్టింది. నేనే ఆదికేశవన్‌నని అతను పెట్టుకున్న అర్జీల్లో ఏ రెండింటి సంతకమూ కలవకపోవడంతో జడ్జిగారికి ప్రతిసారీ కొత్త అనుమానం వచ్చేది. దొర లెక్కపుస్తకంలో కుర్చీ ఖాళీ అనే రాయించాడు గాని, అన్నాళ్లూ ఆదికేశవన్ అందులోనే కూర్చుని చీటీలు చూసుకున్నాడు. జీతం మాత్రం మృతుడి భార్యకు భృతి అని రాసి అంబుజానికి ఇచ్చారు. ఆమె వేలిముద్ర వెయ్యలేదు. నాలుగు చుక్కలు పెట్టి చిన్న ముగ్గు వేసేది. అది ఏ నెలా గీత తప్పలేదు.

మొదటి భృతితో ఆమె కంసాలిని పిలిచి మూడు మెట్టెలు చేయమంది. అతను లెక్క విని, మూడోది ఏ కాలికమ్మా అని అడిగాడు.

"కాలికి కాదు" అంది అంబుజం. "పోయినాయన కలానికి."